సిక్కోలు గొంతు... దేశం మెచ్చిన పాట!

పొందూరు పేరు చెప్పగానే సన్న ఖద్దరు గుర్తొస్తుంది. పక్కనున్న ఆమదాలవలస పేరెత్తితే 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. మరి పాట మాటేమిటి? ఆ ముచ్చటా తీరింది... 2017 ఏప్రిల్ 2 రాత్రి. 'ఇండియన్ ఐడల్' తొమ్మిదో సీజన్ విజేతగా నిలిచిన ఎల్.వి.రేవంత్ పుట్టింది శ్రీకాకుళంలోనే. పెరిగింది విశాఖలో.

ఆ ఫైనల్‌కి ఇంకో విశేషం ఉంది. అది హిందీ పాటల పోటీ. న్యాయనిర్ణేతలు సోనూ నిగమ్, అనూ మలిక్, ఫరా ఖాన్. అలాంటి వేదిక మీద చివరికి మిగిలిన ముగ్గురిలో ఇద్దరు తెలుగు కుర్రాళ్లే! ఒకరు విజేత రేవంత్, మరొకరు హైదరాబాద్‌కు చెందిన పి.వి.ఎన్.ఎస్.రోహిత్. ఇంకొకరు పంజాబీ గాయకుడు ఖుదాబక్ష్. విజేతకు 25 లక్షల రూపాయల బహుమతి దక్కింది.

హిట్టు పాటున్నా... మళ్లీ వరసలో!

రేవంత్ ఆ పోటీకి వెళ్లేనాటికి కొత్తవాడేం కాదు. తెలుగు టీవీ పోటీల్లో పాడి పేరు తెచ్చుకున్నాడు. సినిమాల్లోనూ పాడాడు. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కీరవాణి స్వరపరచిన 'మనోహరి' పాటకు మోహన భోగరాజుతో కలిసి గొంతునిచ్చింది అతనే. అంత పెద్ద సినిమాలో పాడాక మళ్లీ ఆడిషన్ వరసలో నిలబడటం ఎందుకు?

సినిమా గాయకుడికి ఓ చిత్రమైన కష్టం ఉంటుంది. పాట ఊరూరా మోగుతుంది. పాడినవాడు పక్కనుంచి నడిచి వెళ్లినా ఎవరూ గుర్తుపట్టరు. అదే టీవీ పోటీలో అయితే గొంతుతోపాటు ముఖమూ ఇంటింటికీ చేరుతుంది. అయితే అందులో ప్రమాదమూ ఉంది. స్టూడియోలో ఓ చరణం కుదరకపోతే మళ్లీ పాడొచ్చు. నచ్చిన ముక్కలు ఏరి అతికించొచ్చు. పోటీలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క శ్రుతి తప్పినా న్యాయనిర్ణేతలు మొహమ్మీదే చెబుతారు. ఒక వారం ఓట్లు తగ్గితే పెట్టె సర్దుకోవాల్సిందే. కొత్తవాడు ఓడితే 'పర్లేదు, మళ్లీ ప్రయత్నించు' అంటారు. సినిమా గాయకుడు ఓడితే అప్పటిదాకా వచ్చిన పేరూ పలచబడుతుంది. పైగా రేవంత్‌కి అప్పటికి హిందీ అంతంతమాత్రమే! భాష నేర్చుకుంటూ, ఉచ్చారణ దిద్దుకుంటూ వారం వారం గట్టెక్కాడు.

అప్పుడు గురువులు... ఇప్పుడు జనం

పాటల పోటీలు మనకు కొత్తకాదు. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం విద్యార్థిగా పోటీల్లో పాడుతున్నప్పుడే సంగీత దర్శకుడు కోదండపాణి కంట్లో పడ్డారు. ఆయన చలవతోనే 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కు తొలిపాట పాడారు. ఆ రుణం తీర్చుకున్నట్టే 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలుపెట్టి, ఎంతోమంది పిల్లల తప్పులు దిద్దారు.

అప్పట్లో నిర్ణయమంతా సంగీతం తెలిసిన నలుగురి చేతుల్లో ఉండేది. 2004లో 'ఇండియన్ ఐడల్' వచ్చాక ఓటు ప్రేక్షకుడి చేతికొచ్చింది. న్యాయనిర్ణేత మెప్పుతోపాటు ఇంట్లో కూర్చుని చూసే అమ్మమ్మ మెప్పూ కావాలి. బాగా పాడేవాళ్లు ముందే వెనుదిరగడం, 'మా ప్రాంతం వాడు' అన్న అభిమానం లెక్కలు మార్చేయడం... అన్నీ ఇందులో భాగమే.

గెలిచాక ఏమవుతుంది?

అసలు పరీక్ష ఆ మర్నాటి నుంచే! 2006లో రెండో సీజన్లో రన్నరప్‌గా నిలిచిన కారుణ్య తర్వాత తెలుగు సినిమాల్లో స్థిరపడ్డాడు. 2010లో ఐదో సీజన్ గెలిచిన శ్రీరామచంద్ర ఆ టైటిల్ అందుకున్న తొలి తెలుగువాడు. 2013లో 'యే జవానీ హై దీవానీ'లో 'సుభానల్లా' పాడి హిందీవాళ్లనీ మెప్పించాడు. ఆ తర్వాత నటన, వ్యాఖ్యానం అన్నీ ప్రయత్నించాడు. 'పాడుతా తీయగా'లో పాడిన విజయవాడ అమ్మాయి స్మిత సినిమాల కోసం ఎదురుచూడకుండా 'హాయ్ రబ్బా' ఆల్బమ్‌తో తెలుగు పాప్‌కి దారి వేసింది. 2023లో 'తెలుగు ఇండియన్ ఐడల్' రెండో సీజన్ గెలిచిన విశాఖ గాయని సౌజన్య భాగవతుల ఓ బిడ్డకు తల్లి. పెళ్లయి పిల్లలు పుడితే పాట అటకెక్కాల్సిందే అనుకునేవాళ్లకు ఆమె జవాబు చెప్పింది.

రేవంత్ మాటకొస్తే, ఐడల్ గెలిచిన 2017లోనే 'అర్జున్ రెడ్డి'లో 'తెలిసెనే నా నువ్వే' పాడాడు. రథన్ స్వరపరచిన ఆ పాట కుర్రకారు నోళ్లలో నానింది. అయిదేళ్ల తర్వాత 2022 డిసెంబరులో 'బిగ్‌బాస్' తెలుగు ఆరో సీజన్ విజేతగానూ నిలిచాడు. అది పాటల పోటీ కాకపోయినా మళ్లీ జనం ముందు నిలబడి ఓటు అడిగే పోటీయే!

అమ్మానాన్నలూ... ఒక్క మాట

ఈ కథ చూసి పిల్లల్ని రేపే ఆడిషన్‌కి తీసుకెళ్లాలనిపించడం సహజం. తీసుకెళ్లండి. కానీ పొందూరు నేతను ఓసారి తలచుకోండి. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రంచేసి, ఏకి, చరఖా మీద సన్నటి నూలు తీశాకే మగ్గం మీదికి వెళ్లేది. అన్ని రోజుల పని ఉంటేనే పంచె అంత మెత్తన. పాటా అంతే. ఓ గురువు దగ్గర శ్రుతి, తాళం కుదిరాక పోటీకి పంపితే ఓడినా పిల్లలకు పాట మిగులుతుంది. కుదరకముందే పంపితే ఓటమి ఒక్కటే మిగులుతుంది. 'మనోహరి' పాడినవాడే మళ్లీ వరసలో నిలబడ్డాడు కదా! ఒకటి ఓడినా గెలిచినా, సాధన మానకుండా చూసుకోవడమే పెద్దవాళ్లు చేయాల్సిన పని.