పల్లీల బూజు – జిగర్‌కు ముప్పు

వానాకాలంలో మన నౌబాద్ ఇళ్లలో నిల్వ పల్లీలకు పసుపుపచ్చని బూజు పడితే తుడిచి, వేయించి తినేవారున్నారు. అది ప్రమాదం. ఈ బూజు ఆస్పర్‌జిల్లస్ ప్రజాతిలోని ఫ్లేవస్ అనే జాతి కావచ్చు. పెన్సిలిన్ మందునిచ్చే బూజు కూడా ఈ కుటుంబంలోదే. కానీ ఫ్లేవస్ అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది జిగర్‌ను, అంటే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు.

1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్నలు తిని వందమందికి పైగా చనిపోయారు. ఈ విషానికి విరుగుడు మా మాజూన్‌లలో లేదు. జాగ్రత్తే మందు.

పల్లీలను బాగా ఎండబెట్టి, తడి తగలని చోట దాచండి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి పారేయండి. బర్రెకు పెడితే విషం పాలలోకి వస్తుంది. కళ్లు పచ్చబడితే వెంటనే డాక్టరుకు చూపించుకోండి.