కాన్ఫరెన్స్ ఫోన్ సెటప్: డయల్ టోన్ వస్తే పని అయిపోయినట్టు కాదు

ప్రతి వారం కొత్త ఫోన్ల కెమెరాలూ, చిప్‌లూ చూస్తూనే ఉన్నాం. ఈసారి పెద్దగా ఎవరూ పట్టించుకోని ఫోన్ గురించి మాట్లాడుకుందాం. ఆఫీసు మీటింగ్ రూంలో టేబుల్ మీద మూడు కాళ్లు చాపుకుని నల్లగా కూర్చుని ఉంటుందే, అదే. 1992లో పాలీకామ్ సౌండ్‌స్టేషన్ వచ్చాక జనం మనసులో ఆ ఆకారమే కాన్ఫరెన్స్ ఫోన్ అయిపోయింది. ఆ కంపెనీ తర్వాత ప్లాంట్రానిక్స్ చేతికి వెళ్లింది, పాలీ అని పేరు మార్చుకుంది, 2022లో హెచ్‌పీలో కలిసింది. మా ఆఫీసులో ఉన్నది మాత్రం వేరే కంపెనీది. పేరు అనవసరం, ఎందుకంటే తప్పు ఫోన్‌ది కాదని చివరికి తేలింది.

నిజానికి నేను టెస్టర్‌ని. కానీ గాడ్జెట్ల పిచ్చి ఉందని ఫ్లోర్ మొత్తానికి తెలుసు. మాదాపూర్‌లోనే ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కి మారినప్పుడు, ఐటీ సపోర్ట్ అతను బెంగళూరులో ఉండటంతో, పాత కాన్ఫరెన్స్ ఫోన్ ఉన్న అట్టపెట్టె తెచ్చి నా డెస్క్ మీద పెట్టేశారు. "సాయంత్రం ఏడున్నరకి డల్లాస్ కాల్ ఉంది, చూసుకో" అన్నారు మేనేజర్.

ముందు కరెంటు, తర్వాత నెట్‌వర్క్

కేబుల్ పెట్టాను. డిస్‌ప్లే వెలగలేదు. ఈ ఫోన్లకి చాలావాటికి విడిగా అడాప్టర్ ఉండదు, నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా వస్తుంది. దాన్నే పీఓఈ అంటారు. 802.3ఏఎఫ్ స్టాండర్డ్ ప్రకారం స్విచ్ పోర్టు 15.4 వాట్ల వరకు ఇస్తుంది. పాత ఆఫీసు స్విచ్‌లో ఆ సౌకర్యం ఉంది, కొత్తదాంట్లో లేదు. ఫోన్ పోయిందనుకుని ఇంకోటి కొనేసేవాళ్లే. ఒక పీఓఈ ఇంజెక్టర్ తెప్పిస్తే సరిపోయింది. ఇంజెక్టర్‌కి రెండు పోర్టులు ఉంటాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒకటి స్విచ్ వైపు, ఇంకోటి ఫోన్ వైపు. నేను తిరగేసి పెట్టి అరగంట బుర్ర గోక్కున్నాను. మీరు ముందే దాని మీద రాసింది చదవండి.

స్క్రీన్ వెలిగింది కానీ ఐపీ అడ్రస్ దొరకలేదు. అదే కేబుల్ లాప్‌టాప్‌కి పెడితే నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. అంటే కేబుల్ బాగానే ఉంది. సంగతేంటంటే, పాత ఆఫీసులో ఫోన్లకి విడిగా ఒక వీల్యాన్ ఉండేది. ఆ నంబర్ ఇంకా ఫోన్ మెమరీలోనే ఉంది. పాపం, అది లేని దారిలో వెతుక్కుంటోంది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. ఐపీ వచ్చింది, కొత్త తలనొప్పి కూడా వచ్చింది. రీసెట్‌తో ఫోన్ గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది. మా సర్వర్ ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ అడుగుతుంది. ఫోన్ తన తేదీ చూసుకుని, సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని కనెక్షన్ వద్దనేసింది. టైమ్ సర్వర్ అడ్రస్ ఇచ్చాక రిజిస్టర్ అయింది.

ఇవన్నీ ఫోన్ మీది బటన్లతో చేయక్కర్లేదు. దాని ఐపీ అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. అక్కడ యూజర్ ఐడీ, అథెంటికేషన్ ఐడీ అని రెండు గళ్లు ఉంటాయి. చాలామంది రెండింట్లోనూ ఎక్స్‌టెన్షన్ నంబరే కొట్టేస్తారు. కొన్ని సర్వర్లలో అవి వేరువేరు. అలాగే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చకుండా ఆ పేజీ మూయకండి. మీటింగ్ రూంలో ఎప్పుడూ ఆన్‌లో ఉండే మైక్ పరికరం అది.

మొదటి కాల్ కలిసింది. సరిగ్గా 32 సెకన్లకి కట్. మళ్లీ చేస్తే మళ్లీ 32. ఇలా లెక్క తప్పకుండా కట్ అవుతుంటే అది సిగ్నల్ సమస్య కాదు. ఒక వైపు కాల్ ఎత్తాక, ఎత్తిన సంగతి అందిందని అవతలి వైపు నుంచి చిన్న జవాబు రావాలి. రాకపోతే ఎత్తిన వైపు మళ్లీ మళ్లీ అడిగి చివరికి కాల్ వదిలేస్తుంది. సిప్ ప్రోటోకాల్ లెక్క ప్రకారం ఆ గడువే 32 సెకన్లు. మధ్యలో రౌటర్‌లో ఉండే సిప్ ఏఎల్‌జీ అనే ఫీచర్, సాయం చేస్తున్నాననుకుని ఆ మెసేజ్‌లలోని అడ్రస్‌లు మార్చేస్తుంటుంది. మా దాంట్లో దాన్ని ఆఫ్ చేయగానే కాల్ నిలబడింది. డల్లాస్ వాళ్లు హలో అన్నారు, మేమూ హలో అన్నాం. నా పని అయిపోయిందనుకున్నాను.

అటువైపు ఏం వినిపిస్తోంది?

మా టీంలో అప్పటికి మూడు నెలల క్రితం చేరిన ఒక అమ్మాయి ఉంది. ఫ్రెషర్. పధ్నాలుగు కుర్చీల రూంలో సీనియర్లు ముందు కూర్చుంటారు కాబట్టి ఆమెది ఎప్పుడూ చివరి కుర్చీ. ఆఫీసు మారి రెండు నెలలు దాటాక క్లయింట్ మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది. ఆమె కాల్స్‌లో ఏమీ మాట్లాడటం లేదట, ఆ స్థానంలో ఇంకొకరిని ఇవ్వగలరా అని. మెయిల్ చూసి నేను తెల్లబోయాను. ఆమె ప్రతి కాల్‌లోనూ స్టేటస్ చెబుతోంది. పక్క కుర్చీలో కూర్చుని నా చెవులతో నేనే విన్నాను. "కొంచెం గట్టిగా మాట్లాడమ్మా" అని మేనేజర్ అనడం కూడా విన్నాను.

మొదట అందరూ ఇంటర్నెట్‌నే తిట్టారు. మామూలుగా వాడే జి.711 కోడెక్‌లో ఒక కాల్‌కి ఒక్కో దిశలో 90 కిలోబిట్ల లోపే చాలు. స్పీడ్ టెస్ట్‌లో వందల మెగాబిట్లు వస్తుంటే దానికి లోటేమీ లేదు. ప్యాకెట్లు పోవడం, ఆలస్యంగా రావడం ఉంటే గొంతు ముక్కలు ముక్కలవుతుంది. కానీ అలా అయితే అందరి గొంతూ కావాలి కదా, ఒక్క కుర్చీదే ఎందుకు?

ఇక్కడే నాకు ఆలస్యంగా ఒక విషయం వెలిగింది. ఈ ఫోన్ ఎలా పనిచేస్తోందో దాని పక్కన కూర్చున్నవాళ్లకి ఎప్పటికీ తెలియదు. ఎకో కూడా అంతే. మీ మాట మీకే తిరిగి వినిపిస్తోందంటే, దాదాపు ఎప్పుడూ గొడవ అవతలి రూంలో ఉంటుంది. వాళ్ల స్పీకర్‌లోంచి వచ్చిన మీ గొంతును వాళ్ల మైకే మళ్లీ పట్టి పంపిస్తుంది. మీరు ఎంతసేపు మీ ఫోన్ రీస్టార్ట్ చేసినా లాభం లేదు.

కాబట్టి మర్నాడు పొద్దున రూం ఖాళీగా ఉన్నప్పుడు, నా మొబైల్‌కి ఆ ఫోన్ నుంచి కాల్ కలిపి కింద పార్కింగ్‌లోకి దిగాను. అడ్మిన్‌లో పనిచేసే తమ్ముడిని ఒక్కో కుర్చీలో కూర్చుని ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పమన్నాను. "ఏం చెప్పాలి అన్నా?" అన్నాడు. టీ ఆర్డర్ చదవమన్నాను. మొదటి కుర్చీ నుంచి "రెండు అల్లం టీ, మూడు షుగర్ లేకుండా, ఒకటి బ్లాక్ కాఫీ" గంటలా వినిపించింది. ఎనిమిదో కుర్చీకి బావిలోంచి మాట్లాడినట్టుంది. పధ్నాలుగో కుర్చీ దగ్గర మొబైల్ చెవికి నొక్కుకున్నా "టీ" ఒక్కటే అందింది. ఏసీ ఆన్ చేయమంటే అది కూడా పోయింది.

కారణం చూస్తే సిగ్గేసింది. ఫోన్ టేబుల్ మధ్యలో లేదు. ఫ్లోర్ బాక్స్ నుంచి నేను పెట్టిన కేబుల్ రెండు మీటర్లే కాబట్టి, అందినంత మేర, మేనేజర్ కుర్చీ ముందు పెట్టేశాను. చివరి కుర్చీ అక్కడికి నాలుగున్నర మీటర్లు. దూరం రెట్టింపైనప్పుడల్లా నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. కానీ నాలుగు వైపులా ఉన్న అద్దం గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని దాదాపు అంతే ఉంటుంది. రూంలో ఉన్న మన చెవులు రెండు, మెదడు ఒకటి కలిసి దాన్ని సర్దేసుకుంటాయి. మైక్ సర్దుకోలేదు. పైగా ఆ కుర్చీ మీదే ఏసీ గాలి. ఫోన్‌లోని నాయిస్ రిడక్షన్ ఏసీ హోరును తీసేస్తూ, దాంతో కలిసిపోయిన సన్నని గొంతును కూడా ఊడ్చేస్తోంది. మధ్యలో తెరిచి పెట్టిన ఆరేడు లాప్‌టాప్‌ల మూతలు సరేసరి.

అయిదు వందల లోపు పొడవాటి కేబుల్ కొని ఫోన్‌ను మధ్యకి జరిపాను. ఈథర్‌నెట్ కేబుల్ వంద మీటర్ల దాకా వెళ్తుంది, దానికి పిసినారితనం దేనికో. ఫోన్ అడుగున ఎక్స్‌పాన్షన్ మైక్ పోర్టులు రెండున్నాయి. వాటికి మైకులు కొనిపించడానికి మాత్రం పార్కింగ్‌లో మొబైల్‌లో రికార్డ్ చేసిన టీ ఆర్డర్ మేనేజర్‌కి వినిపించాల్సి వచ్చింది. పధ్నాలుగో కుర్చీ క్లిప్ ఆయన రెండుసార్లు విన్నారు. ఏమీ అనలేదు. అప్రూవల్ ఆ సాయంత్రమే వచ్చింది.

కోడెక్ వరుసలో జి.722ను పైకి తెచ్చాను. పాత కోడెక్‌లో గొంతు సుమారు 3400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, ఇందులో 7000 దాకా వెళ్తుంది. స, ష, ఫ లాంటి అక్షరాల తేడా ఆ పై భాగంలోనే ఎక్కువ ఉంటుంది. అయితే మామూలు ఫోన్ నంబర్‌కి డయల్ చేసి మీటింగ్‌లో చేరితే ఈ లాభం దారిలోనే పోతుంది. వీలైతే సిప్ అడ్రస్‌తోనే చేరండి.

కొత్తది కొనేవాళ్లకి నా మాట: స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో చూసి మోసపోకండి. షోరూంలో అందరూ చూసేది అదే. అదనపు మైకులు పెట్టుకునే వీలుందా అని అడగండి. నలుగురు కూర్చునే చిన్న రూంకి యూఎస్‌బీ స్పీకర్‌ఫోన్ చాలు, సిప్ గొడవే అక్కర్లేదు. ఇంకో టెస్ట్ కూడా చేయండి. రెండు వైపులా ఒకేసారి ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి. అవతలి అంకెలు మధ్యలో మింగేయకుండా వినిపిస్తేనే అది నిజమైన ఫుల్ డూప్లెక్స్.

తర్వాతి గురువారం కాల్‌లో నేను ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాను. తన వంతు రాగానే మామూలు గొంతుతోనే స్టేటస్ చెప్పింది. అటువైపు ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత క్లయింట్ మేనేజర్ ఎంతో మర్యాదగా, టీంలోకి స్వాగతం, ఈ వారమే చేరారా అని అడిగాడు.

"లేదండీ, అయిదు నెలల నుంచి ఈ కాల్‌లోనే ఉన్నాను" అంది.