బాతు పిల్లల బ్రూడర్‌లో తడి – నివారణ

గోదావరి, కృష్ణా డెల్టాల్లో వరి కోతల తరువాత చేలలో రాలిన గింజల మీద, కాలువల్లోని నత్తల మీద బాతుల మందలను మేపడం పాత అలవాటే. మందలను ఊరి నుంచి ఊరికి తోలుకుపోయే పెంపకందారులకు పిల్లలను సాకే మెళకువలు తరతరాలుగా తెలుసు. ఇంటి వసారాలోనో, ఖాళీ గదిలోనో తొలిసారి యాభై పిల్లలను దించుకొనే చిన్న రైతుకు ఆ అనుభవం ఉండదు. కోడి పిల్లలను పెంచిన పద్ధతినే బాతు పిల్లలకూ వాడతాడు. మూడో రోజుకు ఊక ముద్దవుతుంది. వారం తిరిగేసరికి గదిలో ఘాటు వాసన పుడుతుంది. రెండో వారంలో పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ ఒక్కొక్కటిగా రాలిపోతుంటే మందుల కోసం పరుగు తీయవలసి వస్తుంది.

బాతు పిల్ల తడి చేయడం దాని తప్పు కాదు. దాని రెట్టలో కోడి పిల్ల రెట్టలో కంటే నీరు ఎక్కువ. మేత నోట పడగానే నీటి దగ్గరకు వెళ్లి ముక్కు ముంచుతుంది; ముక్కు రంధ్రాలకు అంటిన పిండిని, కంటికి అంటిన మురికిని నీటితోనే కడుక్కొంటుంది. ఆ తరువాత తల విదిలిస్తుంది. ఈ విదిలింపుతో చుట్టూ చిందే నీరే పడకను పాడు చేసే తడిలో పెద్ద భాగం.

దీన్ని గమనించిన కొందరు నీటి పాత్రను కొన్ని గంటల పాటు తీసివేస్తారు. ఇది ఎంతమాత్రం సరైనది కాదు. నీరు లేకుండా పొడి దాణా తిన్న పిల్లకు గొంతులో మేత అడ్డుపడుతుంది, ముక్కు రంధ్రాలు మూసుకుపోతాయి. పాత్ర తిరిగి పెట్టగానే దాహంతో అన్నీ ఒకేసారి మీదపడి ఒళ్లంతా తడుపుకొంటాయి. ఏ కారణంచేతనైనా నీరు తీయవలసి వస్తే దాణా కూడా తీయాలి. పడక పొడిగా ఉండాలంటే మార్చవలసింది నీటి పరిమాణాన్ని కాదు, నీరు ఒలికే చోటును.

ఇందుకు ఖర్చు పెద్దగా ఉండదు. చెక్క చట్రానికి సుమారు అర అంగుళం కన్నుల ఇనుప జాలీ బిగించి, దాన్ని ఇటుకల మీద నిలపాలి. కింద ఒక రేకు పళ్లెం ఉంచాలి. నీటి పాత్ర ఈ జాలీ మీదే ఉండాలి. జాలీ పాత్రకు అన్ని వైపులా కనీసం ఒక జానెడు విస్తరించాలి. లేకపోతే పిల్ల ఊక మీద నిలబడే నీరు తాగుతుంది, చేసిన పని వృథా అవుతుంది. మొదటి రోజుల్లో పిల్లలు ఎక్కడానికి వాలుగా ఒక చెక్క ఆనిస్తే చాలు. పళ్లెంలో చేరిన నీటిని రోజుకు రెండుసార్లు బయట పారబోయాలి. జాలీ తీగల కొసలు పైకి పొడుచుకురాకుండా చూడాలి; కాలికి గాయమైన పిల్ల కుంటుతూ వెనుకబడుతుంది.

పాత్రలో నీటి లోతు 5 నుంచి 7.5 సెంటీమీటర్లు ఉండాలి. ముక్కు రంధ్రాలు మునగాలి, పిల్ల మాత్రం లోపలికి దిగకూడదు. వెడల్పాటి పళ్లెంలో నీరు పెడితే అది నిమిషాల్లో స్నానాల తొట్టి అవుతుంది. బాతు పిల్లకు ఈత పుట్టుకతో వస్తుంది కనుక తడిసినా ఏమీ కాదన్న నమ్మకం పల్లెల్లో ఉంది. తల్లి బాతు కింద పెరిగే పిల్ల నూగుకు తల్లి ఈకల నూనె అంటుతుంది. ఇంక్యుబేటర్‌లోనో, కోడి కిందనో పొదిగించిన పిల్లకు ఆ రక్షణ ఉండదు. ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు సాధారణంగా పొదగవు కాబట్టి మన రైతుల చేతికి వచ్చేవి ఎక్కువగా ఇలాంటి పిల్లలే. నూగు తడిస్తే అవి చలికి వణికి, గుంపుగా ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి ఊపిరాడక చనిపోతాయి. బాతుల పెంపకానికి ఈత నీరు ఏ దశలోనూ తప్పనిసరి కాదు.

నీటి పాత్రను వేడినిచ్చే దీపానికి ఎదురు చివరన అమర్చాలి. తాగి వచ్చిన పిల్ల దీపం కిందకు చేరేలోగా కొంత ఆరుతుంది. దీపం కింది పడక పొడిగా మిగులుతుంది. మొదటి వారం 32 డిగ్రీల సెల్సియస్ వేడి, ఆపై వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గింపు సరిపోతాయి. ఎల్‌ఈడీ బల్బు వెలుగునిస్తుంది కానీ పిల్లలను కాచేంత వేడినివ్వదు. పాత రకం ఫిలమెంట్ బల్బు గాని, బ్రూడర్ల కోసం అమ్మే దీపం గాని వాడాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం పిల్లలకే కాదు, పక్క గదిలో నిద్రించే మనుషులకూ ప్రమాదం.

పడకకు వరి ఊక మేలైనది, మనకు చవక. 5 నుంచి 7 సెంటీమీటర్ల మందంగా పరచి, మొదటి రెండు మూడు రోజులు దానిపై శుభ్రమైన గోనె పట్టా కప్పితే పిల్లలు ఊకను మేతగా భ్రమించి తినవు. వార్తాపత్రికలు పరచడం మంచిది కాదు. నున్నటి కాగితం మీద కాళ్లు జారి పక్కలకు చీలిపోతాయి. వానాకాలంలో మిల్లు బయట తడిసిన ఊకను ఎండలో ఆరబెట్టకుండా వాడరాదు. బూజు వాసన ఉంటే ఆరబెట్టినా వాడరాదు. ఆస్పర్జిల్లస్ బూజు సిద్ధబీజాలు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరి పసుపు తెలుపు గడ్డలు కడతాయి. బ్రూడర్ న్యుమోనియా అనే ఈ జబ్బు వచ్చిన తరువాత ఆధారపడదగిన చికిత్స లేదు.

బూజు వల్ల మరొక ముప్పు కడుపు దారిన వస్తుంది. తడి ఊకలో పడిన దాణాను బాతు పిల్ల ముక్కుతో జల్లించి మరీ తింటుంది. 1960లో ఇంగ్లాండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు, వాటితోపాటు బాతు పిల్లలు చనిపోయినప్పుడు బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశనగ చెక్క కారణమని తేలింది. అఫ్లాటాక్సిన్ గురించి లోకానికి తెలిసింది ఆ విధంగానే. బాతు పిల్లలు ఈ విషానికి ఎంత సులువుగా లొంగుతాయంటే, ఆ తరువాత దాన్ని గుర్తించే పరీక్షల్లో వాటినే వాడారు. వేరుశనగ పండించే మన ప్రాంతాల్లో చెక్క సులువుగా దొరుకుతుంది కనుక ఈ సంగతి గుర్తుంచుకోదగినది. పిల్లల దాణాలో చెక్క కలపకపోవడమే క్షేమం. తడిపి పెట్టిన దాణా మిగిలితే రెండు గంటల్లోపు తీసివేయాలి.

పడక పరిస్థితి తెలుసుకోవడానికి చేతులే చాలు. గుప్పెడు ఊకను పిడికిట బిగించి వదలాలి. విడిపోతే బాగున్నట్లు, ముద్దగా నిలిస్తే తడి మించినట్లు. ఉదయం పిల్లల ఎత్తుకు వంగి వాసన చూడాలి. నిలబడిన మనిషికి తెలియని అమోనియా నేలకు దగ్గరగా కళ్లు మండిస్తుంది. అట్టకట్టిన ఊకను గీరి తిరగేస్తే బూజు గాలిలోకి లేస్తుంది. ఆ భాగాన్ని చేటతో ఎత్తి, ఆ చోట పొడి ఊక పోయడం మంచిది. మట్టి నేల అయితే కింది నుంచీ చెమ్మ ఎక్కుతుంది; ముందుగా పాలిథిన్ పట్టా పరచాలి.

జాగా ఇరుకైతే ఎన్ని జాగ్రత్తలైనా నిలవవు. మూడు వారాల వయసు వరకు ఊక నేల మీద పిల్లకు 0.09 చదరపు మీటర్లు, పూర్తిగా జాలీ నేలైతే అందులో సగం కావాలి. అంటే యాభై పిల్లలకు ఊక నేల సుమారు 4.5 చదరపు మీటర్లు. చలి రాత్రుల్లో నాలుగు వైపులా పట్టాలు కప్పేటప్పుడు పైభాగాన జానెడు సందు వదలకపోతే లోపలి ఆవిరి బొట్లుగా మళ్లీ ఊక మీదే పడుతుంది.

తీసిన ఊకను బ్రూడర్ గుమ్మం పక్కనే పోయకుండా దూరపు గుంటలో పేడతో పొరలుగా వేయాలి. ఊక నెమ్మదిగా చివుకుతుంది. బాతు రెట్టలోని నత్రజని అందుకు తోడ్పడుతుంది. పచ్చి ఎరువును నేరుగా కూర మడిలో వేస్తే మొలకలు మాడతాయి కాబట్టి గుంటలో వేడి తగ్గి, మట్టి వాసన వచ్చిన తరువాతే కొబ్బరి పాదులకో, కూరగాయలకో వాడాలి.