పర్‌స్పిరేషన్ – ఒక పద పరిశీలన

ఆంగ్ల నిఘంటువులో ‘పర్‌స్పిరేషన్’ అనే పదానికి చెమట, స్వేదం అనే అర్థాలు కనిపిస్తాయి. ‘స్వెట్’ అనే పదానికీ అవే అర్థాలుంటాయి. నిఘంటువును మాత్రమే నమ్ముకున్న విద్యార్థి ఈ రెండింటినీ ఒకదానికి బదులు మరొకటి వాడుకోవచ్చునని భావిస్తాడు. అయితే ఏ భాషలోనైనా పర్యాయపదాలు అన్ని సందర్భాలలోనూ సమానం కావు. ప్రతి పదానికీ ఒక పుట్టుక, ఒక మర్యాద, ఒక వాడుక ఉంటాయి. వాటిని గుర్తించినప్పుడే పదం స్వాధీనమవుతుంది.

‘పర్‌స్పిరేషన్’ లాటిన్ భాష నుండి ఆంగ్లంలోకి వచ్చింది. లాటిన్‌లో ‘పెర్’ అంటే గుండా, ‘స్పిరారే’ అంటే శ్వాసించడం. చర్మం గుండా శ్వాసించడమే ఈ పదానికి మూలార్థం. శాస్త్ర విద్యార్థులకు పరిచితమైన రెస్పిరేషన్, ట్రాన్స్‌పిరేషన్ అనే పదాలు కూడా ఈ ధాతువు నుండి పుట్టినవే. వీటిని తెలుగులో వరుసగా శ్వాసక్రియ, బాష్పోత్సేకం అంటున్నాం. ఇన్‌స్పిరేషన్ కూడా వీటి తోబుట్టువే. శరీరశాస్త్రంలో ఆ మాటకు ఉచ్ఛ్వాసమని అర్థం. సాహిత్యంలో ప్రేరణ అని అర్థం.

చర్మం శ్వాసిస్తుందన్న భావన కేవలం కవికల్పన కాదు. ఇటలీ దేశపు వైద్యుడు సాంటోరియో (1561–1636) ఒక పెద్ద త్రాసుకు కుర్చీని వేలాడదీసి, అందులో కూర్చుని తన బరువును ఏళ్ళ తరబడి తూచుకున్నాడు. తాను తిన్న ఆహారాన్ని, త్రాగిన నీటిని, విసర్జించిన మలమూత్రాలను కూడా తూచాడు. లెక్క సరిపోలేదు. లోపలికి వెళ్ళిన దానిలో కొంత భాగం కంటికి కనిపించకుండానే శరీరాన్ని విడిచి పోతున్నదని ఆయన గ్రహించాడు. 1614లో వెలువడిన తన గ్రంథంలో ఈ అగోచర స్వేదాన్ని గురించి వివరించాడు. ఆ నష్టంలో కొంత చర్మం ద్వారా, కొంత ఊపిరి ద్వారా జరుగుతుందని నేటి శాస్త్రం చెబుతున్నది.

మానవ శరీరంలో సుమారు 20 నుండి 40 లక్షల స్వేదగ్రంథులు ఉన్నాయి. శరీరం వేడెక్కినప్పుడు మెదడులోని హైపోథాలమస్ వాటిని ప్రేరేపిస్తుంది. వెలువడిన చెమట ఆవిరవుతూ శరీరం నుండి వేడిని తీసుకుపోతుంది. ఒక గ్రాము చెమట ఆరిపోవడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం అవసరం. చల్లబరచేది చెమట పట్టడం కాదు, చెమట ఆరడం. కోస్తా తీరంలో గాలిలో తేమ అధికం కనుక వేసవిలో చెమట త్వరగా ఆరక ధారకడుతుంది. రాయలసీమ, తెలంగాణలలోని పొడి గాలికి అది వెంటనే ఆవిరైపోతుంది. పట్టినట్లే తెలియదు కనుక నీరు త్రాగడంలో అశ్రద్ధ చేసి వడదెబ్బకు గురయ్యేవారుంటారు. కంటికి కనిపించని చెమటను కూడా లెక్కలోకి తీసుకోవాలన్నది సాంటోరియో త్రాసు నేర్పిన పాఠం.

ఇక ‘స్వెట్’ పదం కథ వేరు. ఇది ఆంగ్లేయుల ఇంటిమాట. ఆశ్చర్యకరమైన విషయమేమంటే ఇది సంస్కృతంలోని ‘స్వేద’ శబ్దానికి జ్ఞాతి. ఈ రెండూ ఒకే ప్రాచీన ఇండో-యూరోపియన్ మూలం నుండి వచ్చినవని భాషాశాస్త్రవేత్తలు నిరూపించారు. ఒకే కుదురులో మొలిచిన ఈ రెండు మాటలకు దక్కిన గౌరవం మాత్రం ఒకటి కాదు. ఆంగ్లంలో స్వెట్ సామాన్యుల మాటగా నిలిచిపోయింది. తెలుగులో స్వేదం పండితుల మాటగా గౌరవం పొందింది. పదంలోని అక్షరాలలో గొప్పతనం లేదు. సమాజం దానిని ఏ పీట మీద కూర్చోబెట్టిందన్నదే దాని స్థాయిని నిర్ణయిస్తుంది.

స్వేద శబ్దానికి మన ప్రాచీన శాస్త్రాలలో విశిష్ట స్థానమున్నది. భరతుని నాట్యశాస్త్రం పేర్కొన్న ఎనిమిది సాత్త్విక భావాలలో స్వేదం ఒకటి. ఆయుర్వేదంలో పంచకర్మలకు ముందు చేసే చికిత్స స్వేదనం. జీవులను నాలుగు విధాలుగా విభజించినవారు అల్పకీటకాలను స్వేదజాలు అన్నారు. ఘర్మం అనే మరో పదానికి వేడి అనేది మూలార్థం. థర్మామీటరులో వినిపించే గ్రీకు పదం దీనికి చుట్టమే. అచ్చ తెలుగు మాట చెమట. తడిని తెలిపే చెమ్మ, కన్నులు చెమర్చడంలోని చెమర్చు దీని బంధువులు. ఆంగ్లేయుని స్వెట్‌కు వాడుకలో సాటివచ్చేది చెమట. పర్‌స్పిరేషన్‌కు సాటివచ్చేది స్వేదం.

విక్టోరియా కాలపు ఆంగ్ల సమాజంలో స్వెట్ అనడం మొరటుతనంగా భావించేవారు. చెమట పట్టడం జంతువులకే కాని మర్యాదస్థులకు కాదన్న ధోరణి ఆనాటి సంభాషణలలో ఉండేది. అందువల్ల పర్‌స్పిరేషన్ నాగరికుల మాట అయింది. కానీ శ్రమదోపిడీని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ మర్యాద మాట ఎవరికీ అక్కరకు రాలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో లండన్‌లో దర్జీలకు చాలీచాలని కూలి ఇచ్చి, ఇరుకు గదులలో రాత్రింబవళ్ళు కుట్టించిన దళారిని జనం ‘స్వెటర్’ అన్నారు. అటువంటి పనిచోటుకు ‘స్వెట్‌షాప్’ అనే పేరు వచ్చింది. ఈ దోపిడీపై విచారణకు 1888లో బ్రిటిష్ ప్రభువుల సభ ఒక సంఘాన్ని నియమించింది. 1909లో వచ్చిన చట్టం కొన్ని వృత్తులలో కనీస వేతనాలు నిర్ణయించేందుకు వీలు కల్పించింది. శీతకాలంలో మనం ధరించే స్వెట్టరు పేరు కూడా చెమట నుండి వచ్చినదే. వ్యాయామవేళ చెమట పట్టించడానికి క్రీడాకారులు ధరించిన దుస్తులకు మొదట ఆ పేరు పెట్టారు.

వాక్యనిర్మాణంలో తెలుగుకు, ఆంగ్లానికి గమనింపదగిన భేదమున్నది. ఆంగ్లంలో చెమట పట్టిన మనిషే కర్త. తెలుగులో ‘అతనికి చెమట పట్టింది’ అంటాం. ఇక్కడ చెమట కర్త. మనిషి ‘కి’ ప్రత్యయంతో పక్కన నిలబడతాడు. అది అతని ఇష్టంతో జరిగిన పని కాదు కదా! భయం కలిగినప్పుడు కూడా ‘అతనికి ముచ్చెమటలు పట్టాయి’ అంటాం. కానీ ‘రైతు చెమటోడ్చి పంట పండించాడు’ అన్నప్పుడు రైతు కర్త అవుతాడు. ఓడ్చు అంటే కారునట్లు చేయడం. తానుగా పట్టే చెమటకు, మనిషి పూని ఓడ్చే చెమటకు గల తేడాను తెలుగు తన క్రియలలోనే నిలుపుకున్నది. ఈ సున్నితం తెలియనివారు ‘కూలీలు స్వేదించారు’ వంటి కృతక వాక్యాలు రాస్తారు.

పర్‌స్పిరేషన్ అనే మాటను మన విద్యార్థులలో చాలామంది ఎడిసన్ పేరుతో ప్రసిద్ధమైన సూక్తిలో మొదటిసారి వింటారు. ప్రతిభలో ప్రేరణ ఒక్క పాలు, చెమట తొంభైతొమ్మిది పాళ్ళు అన్నది దాని భావం. అందులో స్వెట్ అని ఉంటే సూక్తి పండేది కాదు. ఇన్‌స్పిరేషన్, పర్‌స్పిరేషన్ అనే తోబుట్టువుల ప్రాసలోనే దాని సొగసు ఉన్నది. ఒకటి లోపలికి వచ్చే ఊపిరి, మరొకటి చర్మం నుండి వెలువడే ఊపిరి. తెలుగులో ఆ ప్రాస నిలవదు. ప్రాస కోసం ప్రాకులాడి ‘స్వేదం’ అని రాస్తే మాట మిగులుతుంది, శ్రమ కనిపించదు. ‘చెమటోడ్చడం’ అని రాస్తే ప్రాస పోయినా భావం పాఠకుని గుండెకు చేరుతుంది. అనువాదకుడు దేనిని వదలాలో, దేనిని నిలపాలో ఇటువంటి చోటనే తేల్చుకోవాలి.

వైద్యునికి, శాస్త్రజ్ఞునికి పర్‌స్పిరేషన్, స్వేదం అనే మాటలు అవసరమే. వాటిలో నిర్దుష్టత ఉన్నది. అయితే పొలంలో, కర్మాగారంలో, వంటింట్లో శ్రమించే మనిషిని గురించి రాసేటప్పుడు చెమట అనడానికి సిగ్గుపడవలసిన పని లేదు. మాటను మరుగుపరిస్తే కొంతకాలానికి ఆ మాట వెనుక ఉన్న మనిషి కూడా మరుగునపడతాడు. సందర్భానికి తగిన పదాన్ని ఎన్నుకోవడం భాషాజ్ఞానం. ఆ పదం ఎవరి శ్రమను తెలుపుతున్నదో మరువకపోవడం సంస్కారం.