ముద్దు వయసు దాటాక

1998లో ‘చూడాలని వుంది’లో చిరంజీవి కొడుకుగా నటించిన చిన్నారి తేజ సజ్జా చాలామందికి గుర్తే. అతడు కథానాయకుడైన ‘జాంబీ రెడ్డి’ వచ్చింది 2021లో. ‘గంగోత్రి’ (2003) బాలనటి కావ్యా కల్యాణ్‌రామ్ ‘బలగం’లో నాయికగా కనబడే నాటికి 2023.

పసితనానికీ ఈ పేరుకూ నడుమ కష్టమైన వయసొకటి ఉంటుంది. గొంతు మారుతుంది, మొటిమలు వస్తాయి, ఉన్నట్టుండి ఎత్తు పెరుగుతారు. పసి పాత్రకు పెద్దవారు, పెద్ద పాత్రకు చిన్నవారు. అవకాశాలు తగ్గుతాయి. ఎప్పుడూ ‘ఎంత ముద్దుగా ఉన్నావో’ అని విన్న పిల్లలు, ఆ మాట ఆగిపోతే తమలోనే ఏదో లోపముందనుకుంటారు.

2016లో సవరించిన బాలకార్మిక చట్టం, 2017 నిబంధనలు బాలనటులకు కొంత రక్షణ ఇచ్చాయి. రోజుకు 5 గంటలకు మించి, వరుసగా 27 రోజులకు మించి పని చేయించరాదు. సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అయితే ఈ నిబంధనలు 14 ఏళ్లు నిండని వారికే. అసలు ఇబ్బంది మొదలయ్యే వయసులో చట్టం చేయి వదులుతుంది. అప్పుడు పట్టుకోవలసింది ఇంటివారే.

ఇది సినిమావాళ్ల సంగతే అనుకోకండి. మాదాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో ఫోను కెమెరా ముందు పిల్లల్ని ఆడించే తల్లిదండ్రులూ ఉన్నారు. మన సంఘాల్లోనూ క్రిస్మస్ నాటికలో చిన్న దేవదూతకు చప్పట్లు కొడతాం. గొంతు బొంగురుపోయి అదే పిల్లవాడు వెనుక బెంచీలో కూర్చుంటే పలకరించం. ప్రియులారా, ఈ ఆదివారం ఆ బెంచీ దగ్గరకు వెళ్లండి. ఏమీ పాడించకుండా, ‘ఎలా ఉన్నావు నాన్నా’ అని అడగండి.