పలాస డబ్బాకు ఎన్ని గ్యాలన్లు?

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు బేరం సాగుతుంటే 240, 320 అనే అంకెలు వినిపిస్తాయి. అవి ధరలు కావు. ఒక పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయన్న లెక్క. 320 రకమైతే పౌనుకు 300 నుంచి 320 పప్పులు. 1956 చట్టంతో దేశం మెట్రిక్ కొలతలకు మళ్లినా, ఎగుమతి వ్యాపారంతో వచ్చిన పౌను జీడిపప్పు రకాల్లో అలాగే ఉండిపోయింది.

పప్పు నింపే పాతకాలపు రేకు డబ్బాదీ ఇదే తీరు. పప్పు 25 పౌన్లు (11.34 కిలోలు) పడుతుంది. డబ్బా పరిమాణం మాత్రం కిరసనాయిలు రోజులనాటిది: 4 బ్రిటిష్ గ్యాలన్లు, సుమారు 18.2 లీటర్లు. దాన్నే అమెరికా గ్యాలన్లలో కొలిస్తే 4.8 వస్తుంది.

ఈ తేడా ఎలా వచ్చింది? ద్రాక్షసారా కొలిచే గ్యాలన్‌ను 1707లో ఇంగ్లండ్ 231 ఘనపు అంగుళాలుగా ఖాయం చేసింది. అమెరికా నేటికీ దాన్నే వాడుతోంది; అది 3.785 లీటర్లు. బ్రిటన్ మాత్రం 1824లో దాన్ని పక్కనపెట్టి, 10 పౌన్ల నీరు పట్టే కొత్త గ్యాలన్ తెచ్చింది. అది 4.546 లీటర్లు. మనకు వచ్చింది ఈ రెండోదే.

కాబట్టి అమెరికా లెక్కకు లీటర్లను 3.785తో భాగించాలి. 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను 5.28 గ్యాలన్లవుతుంది. చిన్న కొలతలకు ద్రవ ఔన్సు ఉంది: 29.57 మిల్లీలీటర్లు. అందుకే అక్కడ అర లీటరు కొబ్బరినీళ్ల సీసా మీద 16.9 ఔన్సులని ఉంటుంది. నోటిలెక్కకు 30తో భాగిస్తే 16.7, పెద్ద తేడా లేదు.

అసలు తికమక మరోచోట ఉంది. జీడిపప్పు ప్యాకెట్ మీద రాసే ఔన్సు బరువు, 28.35 గ్రాములు. కొబ్బరినూనె సీసా మీదిది పరిమాణం. ఒక ద్రవ ఔన్సు నూనె తూకం వేస్తే 27 గ్రాములే ఉంటుంది.

ద్రవ ఔన్సులూ రెండు రకాలే. బ్రిటిష్ ఔన్సు 28.41 మిల్లీలీటర్లు. ఈ తేడా పట్టించుకోవాల్సిన చోటు ఒకటుంది. పలాస చుట్టుపక్కలి ఉద్దానంలో ఎందరికో తెలిసిన డయాలసిస్ జాగ్రత్తల్లో తాగే నీటికి హద్దు ఒకటి. డాక్టరు రోజుకు లీటరే తాగమంటే అమెరికా లెక్కలో అది 33.8 ఔన్సులు, 8 ఔన్సుల కప్పుతో నాలుగు కప్పులపైన కాస్త. పొరపాటున బ్రిటిష్ లెక్క చూసి 35.2 అనుకుని, అమెరికా కప్పుతో కొలిస్తే రోజూ 41 మిల్లీలీటర్లు అదనంగా లోపలికి పోతాయి.