పటం మీద పటం పరిచి చూస్తే... బోరుకు ముందు ఒక జాగ్రత్త

బోరు పడితే పంట, పడకపోతే అప్పు. రాయలసీమ, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో చాలా చోట్ల నేల కింద ఉన్నది గట్టి రాయి. నీరు ఆ రాతి పగుళ్ళలోనే నిలుస్తుంది. ఆ జాడ పట్టడానికి ఇప్పుడు కంప్యూటర్ పటాలు కొంత సాయం చేస్తున్నాయి. ఇస్రో వారి 'భువన్' 2009లో మొదలైంది. ఉపగ్రహ చిత్రాలు, భూగర్భ జలాల పటాలు అందులో చూడవచ్చు. అయితే వాటిని చూసే తీరు తెలియకపోతే మోసపోయేది మనమే.

గళ్ళ పటం అంటే?

ఉపగ్రహ చిత్రం, స్కాన్ చేసిన గ్రామ నక్షా... ఇవన్నీ చిన్న చిన్న గళ్ళతో తయారవుతాయి. వీటినే రాస్టర్ పటాలు అంటారు. ఒక్కో గడికి ఒక్కటే రంగు. 2015 నుంచి తిరుగుతున్న సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక గడి నేల మీద 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఎకరం పొలం సుమారు 40 గళ్ళు. గడి లోపల ఏముందో ఎంత పెద్దది చేసి చూసినా కనబడదు.

పొరలు వేసే పద్ధతి

ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఊళ్ళో కంప్యూటర్ తెలిసిన కుర్రాడెవరైనా ఈ పని చేయగలడు.

* అడుగున ఉపగ్రహ చిత్రం వేయాలి. పై పొర కింది పొరను కప్పేస్తుంది కాబట్టి వరుస ముఖ్యం.
* దాని మీద స్కాన్ చేసిన గ్రామ నక్షా పరచాలి. సరిహద్దు రాయి, పాత బావి, దారుల కూడలి లాంటి గుర్తులు రెండింటిలోనూ చూసి కలపాలి. కనీసం నాలుగు గుర్తులు కావాలి. అవి నాలుగు మూలలా ఉండాలి. అన్నీ ఒక పక్కనే ఉంటే రెండో పక్క పటం జారిపోతుంది.
* పై పొరను సగం పలచన చేయాలి. నూనె కాగితం లోంచి చూసినట్టు కింది పొలాలు కనబడతాయి.
* భూగర్భ జలాల పటాన్ని కూడా ఇలాగే ఇంకో పొరగా వేయాలి.

ఆఖరున, కలపడానికి వాడని ఐదో గుర్తును సరిచూడాలి. వాగు వాగు మీద పడకపోతే మళ్ళీ కలపాల్సిందే. పాత టోపో పటాల కొలతల లెక్క వేరు, జీపీఎస్ లెక్క వేరు. ఆ తేడా సరిచేయకపోతే పటం పక్కకు జరుగుతుంది.

గీత ఎంత లావు?

భూగర్భ జలాల పటాలను 1:50,000 స్కేలులో తయారుచేశారు. పటం మీద ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 50 మీటర్లు. అర మిల్లీమీటరు లావున్న పగులు గీత 25 మీటర్లు, అంటే దాదాపు 27 గజాలు ఆక్రమిస్తుంది. చదరంగా ఉన్న ఎకరం పొలం ఒక పక్క 70 గజాలే! కాబట్టి తెర మీద గీతను పెద్దది చేసి, "ఇదిగో, ఇక్కడే పాయింటు" అనేవారి మాట నమ్మకండి. ఆ గీత ఏ వైపు వెతకాలో చెబుతుంది గానీ ఎక్కడ దించాలో చెప్పదు.

పటంలో అనువుగా ఉన్న వైపు ఎంచుకోండి. చుట్టుపక్కల బోర్ల లోతు, వేసవిలో వాటి నీటి పరిస్థితి అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత భూగర్భ జలశాఖ వారిచేత నేల మీద విద్యుత్ నిరోధక పరీక్ష చేయించండి. వాల్టా చట్టం (2002) ప్రకారం తీసుకోవాల్సిన అనుమతి మరవద్దు.

మరో మాట. ఇలా పరిచిన పటాన్ని గట్టు తగాదాలోకి తేవద్దు. నాలుగు గజాలు అటూ ఇటూ అయ్యే చిత్రం హద్దు తేల్చదు. హద్దు తేల్చాల్సింది సర్వేయరు కొలతే.

పటం చూడటానికి అయ్యేది ఒక పూట. బోరు బండి వచ్చాక ప్రతి అడుగుకూ డబ్బే. ఆ పూట ముందే వెచ్చించండి.